సైకిల్ పక్కన కుక్క

ఒరే చిన్నా,

మీ కుక్క చెప్పులన్నీ కొరికేస్తోందని, సైకిల్ పక్కన నాలుగు కిలోమీటర్లు పరిగెత్తిస్తే దారికొస్తుందని రాశావు. ఆలోచన మంచిదే. కానీ దానికింకా 9 నెలలే కదరా! ఎముకల చివర్లు గట్టిపడలేదు. చిన్న జాతికైతే ఏడాది, పెద్ద జాతికి ఏడాదిన్నర దాటాకే ఈ పని. అప్పుడు కూడా ముందు డాక్టరుకు చూపించి గుండె, తుంటి కీళ్లు బాగున్నాయనిపించుకో. ముక్కు చప్పిడి పగ్ అయ్యుంటే అసలు వద్దనేవాణ్ణి.

ఈలోగా ఊరికే కూర్చోకు. సైకిలెక్కకుండా, చేత్తో తోసుకుంటూ దాన్ని పక్కన నడిపించు. చక్రం చప్పుడుకీ, బ్రేకు కీచుకీ బెదరకూడదు. 'ఆగు', 'మెల్లగా', 'వదిలెయ్' అంటే వినాలి.

లీష్, అదే కుక్కని పట్టుకునే తాడు, చేతికి చుట్టుకోకు, హ్యాండిల్‌కి అస్సలు కట్టకు. నేనోసారి మా కుక్కగాడి తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని బయల్దేరాను. పిల్లి అడ్డమొచ్చింది. వాడు పిల్లి వెనకా, నేను వాడి వెనకా, నా మీద సైకిలూ. పిల్లి కనబడితే మీ పెద్దమ్మ ఇప్పటికీ నావైపు చూసి నవ్వుతుంది. సీటు కింది గొట్టానికి బిగించే స్ప్రింగు కడ్డీలు దొరుకుతాయి. కుక్క లాగినా ఆ లాగుడు కిందనే పడుతుంది కాబట్టి సైకిల్ అంతగా తూలదు. ఆ కడ్డీని మెడ బెల్టుకి కాక, ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి, అంటే హార్నెస్‌కి తగిలించు. బండ్లొచ్చే వైపు నువ్వుండాలి, రోడ్డంచున అది.

బయల్దేరేముందు ఒంటికీ రెంటికీ పోనివ్వు. తిన్న రెండు గంటలదాకా పరుగు వద్దు. మొదట్లో ఐదు, పది నిమిషాలు చాలు. తొణక్కుండా ఒకే లయలో అడుగులేస్తుంటే సరైన వేగం. దూకుతూ ఉరుకుతోందంటే నువ్వు జోరెక్కువ తొక్కుతున్నట్టే.

అసలు భయం ఎండతోనే. మనలా ఒళ్లంతా చెమట పట్టదు దానికి, రొప్పుతూనే వేడి వదిలించుకోవాలి. పైగా నువ్వు ముందుంటే ఓపిక లేకపోయినా పరిగెడుతుంది. చేతి వెనకవైపు రోడ్డుకి 7 సెకన్లు ఆనించి చూడు, నీకు కాలితే దానికీ కాలుతుంది. సాయంత్రం కంటే తెల్లవారుజామే మేలు, రాత్రికి గానీ తారు చల్లారదు. వెనకబడినా, నాలుక వెడల్పుగా వేలాడేసినా వెంటనే దిగిపో. అడుగు తడబడిందో, నీడకి తీసుకెళ్లి ఒంటిమీద చల్లటి నీళ్లు పోసి, గాలి తగలనిచ్చి, డాక్టరు దగ్గరికి పరుగెత్తు. వడదెబ్బకి ప్రాణాలే పోతాయి.

ఇంటికి రాగానే నాలుగు పాదాలూ ఎత్తి చూడు. మావాడోసారి తోకూపుకుంటూనే వచ్చాడు, కుంటను కూడా లేదు. గచ్చు మీద ఎర్రటి అడుగులు పడ్డాక తెలిసింది, అరికాలి మెత్తల తోలు ఊడిందని. మానేదాకా సైకిల్ గోడకే ఆనించి ఉంచాను. వాడు మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి దాని పక్కన కూర్చునేవాడు.

మీ పెదనాన్న