కార్పొరేషన్ పెట్టే ముందు: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చి.ల.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజ్ నిదానంగా చదివాను. నీతోపాటు పరీక్షలు రాసిన డెంటిస్టులంతా ఇన్‌కార్పొరేట్ చేసేసుకున్నారని, అంటే తమ ప్రాక్టీసుకు సొంత కంపెనీ (కార్పొరేషన్) పెట్టేసుకున్నారని, నువ్వొక్కదానివే మిగిలిపోయావని టెన్షన్ పడుతున్నావు. ఇందులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లేదమ్మా. విజయవాడలో బీడీఎస్ చేసి, ఇక్కడ కెనడాకొచ్చి ఎన్‌డీఈబీ (డెంటిస్టుల అర్హత) పరీక్షలు ఒక్కొక్కటే దాటి ఒంటారియోలో లైసెన్సు తెచ్చుకున్నదానివి. ఈ కాగితాల పని దాని ముందు ఎంత! కాకపోతే తొందరపడి చేస్తే ప్రయోజనం మాట అటుంచి, ప్రతి ఏడూ అకౌంటెంటుకు, లాయరుకు కట్టే ఫీజులే మిగులుతాయి.

నిన్ను నువ్వు అడగాల్సింది ఒక్కటే. ఇంటి ఖర్చులు, అప్పు వాయిదాలు, అమ్మావాళ్ళకు పంపేది అన్నీ పోను, ఈ ఏడాది ముట్టుకోకుండా పక్కన పెట్టగలిగే డబ్బు ఎంత? ఆ మొత్తం పెద్దదైతే కార్పొరేషన్ నీకు పనికొస్తుంది. లేకపోతే రాదు. ఎందుకో లెక్క చూడు.

ఒంటారియోలో చిన్న కంపెనీ మొదటి 5 లక్షల డాలర్ల వ్యాపార లాభం మీద కట్టే పన్ను 2020లో 12.2 శాతానికి వచ్చింది. అందులో ఫెడరల్ వాటా 9, ప్రావిన్స్ వాటా 3.2. నా లెక్క ఆ రేటు మీదే. వ్యక్తిగత పన్నులో అన్నిటికంటే పై స్లాబు 53.53 శాతం. ఆ స్లాబులో నువ్వు సొంతంగా 100 డాలర్లు సంపాదిస్తే చేతికి 46.47 వస్తుంది. అదే 100 కంపెనీ సంపాదిస్తే లోపల 87.80 ఉంటుంది. చాలామంది ఇక్కడిదాకా విని ఎగిరి గంతేస్తారు. కానీ ఆ 87.80 కంపెనీది, నీది కాదు. దాన్ని డివిడెండ్‌గా ఇంటికి తెచ్చుకుంటే పై స్లాబులో మళ్ళీ 47.74 శాతం పడుతుంది. చివరికి నీ చేతికొచ్చేది 45.88. సొంతంగా సంపాదించినదానికంటే 59 సెంట్లు తక్కువ!

అంటే పన్ను తగ్గదు, వాయిదా పడుతుంది. ఆ వాయిదా విలువైనదే. లోపల ఉన్న డబ్బుతో అప్పు తీర్చవచ్చు, మెషిన్లు కొనవచ్చు, మెటర్నిటీ సెలవు పెట్టిన ఏడాది కొంచెం కొంచెంగా తక్కువ స్లాబులో తీసుకోవచ్చు. కానీ వచ్చిందంతా నెలనెలా ఇంటికే పోతుంటే వాయిదా వేయడానికి ఏమీ ఉండదు. నీ చదువు అప్పు ఇంకా ఉంది, ఇల్లు కొనాలంటున్నావు. ముందు ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏలో (మొదటి ఇంటి కోసం దాచుకునే ఖాతా) ఏడాదికి 8,000 డాలర్లు, ఆర్ఆర్ఎస్‌పీలో (రిటైర్మెంటు పొదుపు ఖాతా) నీకున్న పరిమితి మేరకు నింపు. ఆర్ఆర్ఎస్‌పీ నుంచి మొదటి ఇంటికి 60,000 దాకా తీసుకునే వీలు కూడా ఉంది. ఇవి చేసుకోవడానికి ఏ కార్పొరేషనూ అక్కర్లేదు. ఇంటి లోన్ ఇచ్చే బ్యాంకులు నీ పేరు మీద ఉన్న ఆదాయాన్నే చూస్తాయి కాబట్టి, ఇల్లు ముందు, కంపెనీ తర్వాత అనుకోవడం మేలు.

ఇంకో మాట. డాలస్‌లో ఉన్న మన చుట్టాలు ఎస్-కార్ప్ (అమెరికాలో ఒక రకం కంపెనీ) గురించి చెప్పేది వినేసి ఇక్కడ లెక్కలు వేసుకోకు. అక్కడ ఆ కంపెనీ లాభం నేరుగా యజమాని ఖాతాలోకే పోయి అక్కడే పన్ను పడుతుంది. ఇక్కడి పద్ధతి పూర్తిగా వేరు.

ఇప్పుడు నువ్వు అసోసియేట్‌గా, అంటే వేరేవాళ్ళ దగ్గర పనిచేసే డెంటిస్టుగా, ఒక్క క్లినిక్‌లోనే చేస్తున్నావు. ఇది జాగ్రత్తగా విను. పని వేళలు వాళ్ళవి, పేషెంట్లు వాళ్ళవి, కుర్చీ దగ్గర్నుంచి హ్యాండ్‌పీస్ దాకా వాళ్ళవే అయినప్పుడు, మధ్యలో నీ కంపెనీని పెడితే రెవెన్యూ ఏజెన్సీ (పన్నుల శాఖ) "ఈమె ఉద్యోగే, కంపెనీ పేరుకే" అనవచ్చు. దాన్ని పర్సనల్ సర్వీసెస్ బిజినెస్ అంటారు. ఆ ముద్ర పడితే 12.2 పోయి ఒంటారియోలో 44.5 శాతం పడుతుంది, ఖర్చులు కూడా చాలావరకు ఒప్పుకోరు. నీ ఒప్పందంలో వేళలు ఎవరు నిర్ణయిస్తారు, ల్యాబ్ ఖర్చు ఎవరు భరిస్తారు, క్రౌన్ (పంటి తొడుగు) ఊడిపోతే మళ్ళీ చేసే నష్టం ఎవరిది, ఇంకో క్లినిక్‌లో కూడా చేసే స్వేచ్ఛ ఉందా, ఇవన్నీ అకౌంటెంటుకు చూపించు. పక్క క్లినిక్ అసోసియేట్‌కు సరిపోయింది నీకూ సరిపోతుందని అనుకోకు.

మీ బ్రాంప్టన్ డాక్టరుగారు రిటైరవుతూ క్లినిక్‌ను నీకే ఇస్తానన్నారని రాశావు కదా. నీ కార్పొరేషన్‌కు సరైన సమయం అదే. క్లినిక్ కొన్న అప్పులో అసలు మొత్తం పన్ను కట్టాక మిగిలిన డబ్బులోంచే తీర్చాలి. సొంత పేరు మీద కొంటే వంద సంపాదిస్తే నలభై ఆరుతో తీరుస్తావు, కంపెనీ కొంటే దాదాపు ఎనభై ఎనిమిదితో తీరుస్తుంది. అప్పు తీరే వేగంలో ఎంత తేడా ఉంటుందో చూడు.

ఆయన మాత్రం తన కంపెనీ షేర్లు కొనమంటారు, ఆస్తులు కాదు. అర్హత ఉన్న షేర్లు అమ్మితే జీవితకాలంలో 12.5 లక్షల డాలర్ల లాభం దాకా ఆయనకు పన్ను ఉండదు. 2024 జూన్ 25 నుంచి ఆ పరిమితి అంతకు పెరిగింది. నీకేమో పరికరాలు, గుడ్‌విల్ (క్లినిక్‌కు ఉన్న మంచి పేరు, పేషెంట్ల ఆదరణ) విడిగా కొంటే మేలు, కట్టిన ధర మీద తరుగుదల చూపించుకోవచ్చు. షేర్లు కొంటే ఆయన పాత పన్ను బాకీలు, పాత గొడవలు కూడా కంపెనీతోపాటే వస్తాయి. కాబట్టి షేర్లకు ఒప్పుకుంటే ధర తగ్గించమని అడుగు, మొహమాటపడకు. ఆస్తులే కొన్నా, పాత స్టాఫ్‌ను కొనసాగిస్తే ఒంటారియో చట్టం ప్రకారం వాళ్ళ పాత సర్వీసంతా నీ దగ్గర చేసినట్టే లెక్క. పదిహేనేళ్ళుగా ఉన్న రిసెప్షనిస్టును నువ్వు ఆర్నెల్లకే తీసేస్తే పదిహేనున్నరేళ్ళకు లెక్క కట్టాలి. బేరం సమయంలోనే ఇది ధరలోకి రావాలి.

ఇక రిజిస్ట్రేషన్. పేరులో నీ ఇంటిపేరు, 'డెంటిస్ట్రీ ప్రొఫెషనల్ కార్పొరేషన్' అన్న మాటలు ఉండాలి. మామూలు కంపెనీల్లా నంబరు పేరు కుదరదు. ఇంటిపేరు, డెంటిస్టులకు లైసెన్సులిచ్చే రాయల్ కాలేజ్ ఆఫ్ డెంటల్ సర్జన్స్ రిజిస్టర్లో ఎలా ఉందో అలాగే రావాలి. మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, సొంత పేరు తారుమారవడం నీకు తెలుసు కదా. రిజిస్టర్లో నీ పేరు ఎలా పడిందో ఇవాళే చూసుకో, తేడా ఉంటే దాన్ని ముందు సరిచేయించుకో. కంపెనీ పుట్టినంత మాత్రాన ప్రాక్టీస్ మొదలుపెట్టకూడదు. ఆ రాయల్ కాలేజ్ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఆథరైజేషన్ (అనుమతి పత్రం) చేతికొచ్చాకే ఆ పేరు మీద బిల్లు వెయ్యాలి. దాన్ని ఏటా రెన్యూ చేయించుకోవాలి.

చికిత్సలో పొరపాటు జరిగిందని ఎవరైనా కేసు వేస్తే కంపెనీ నిన్ను కాపాడదు, ఆ బాధ్యత ఎప్పటిలాగే నీ మీదే ఉంటుంది. అద్దె, సప్లయర్ల బాకీల విషయంలో కొంత రక్షణ ఉంటుంది, అది కూడా నువ్వు వ్యక్తిగత గ్యారంటీ సంతకం పెట్టనంత వరకే. బ్యాంకు ఆ సంతకం అడక్కుండా ఉండదు.

కుటుంబం సంగతి. ఓటు హక్కున్న షేర్లు డెంటిస్టువే. ఓటు లేని షేర్లు భర్తకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఇవ్వవచ్చు. మైనర్ పిల్లల తరఫున ట్రస్టీలు పట్టుకోవచ్చు. అల్లుడు డైరెక్టరు మాత్రం కాలేడు. "ఆయనకు డివిడెండ్ ఇచ్చి పన్ను పంచుకుందాం" అంటే, 2018 నుంచి ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. అల్లుడు క్లినిక్‌లో నిజంగా వారానికి సగటున 20 గంటలు పనిచేస్తే తప్ప ఆ డివిడెండ్ మీద పై స్లాబు పన్నే పడే ప్రమాదం ఉంది. ఐటీ ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి అది కుదరదు. అయినా ఆయనకు ఓటు లేని షేర్లు ఉంచమనే చెప్తాను. నీకు 65 దాటాక ఆ నిబంధన సడలుతుంది, రేపు క్లినిక్ షేర్లు అమ్మినప్పుడు, ఇందాక చెప్పిన పన్ను మినహాయింపులో ఆయన వంతు కూడా వాడుకోవచ్చు. మీ నాన్నగారి పేరు మీద పెట్టే ఆలోచన మానుకో. బావగారు ఇండియాలో ఉంటారు కాబట్టి ఆయనకు డివిడెండ్ ఇస్తే 25 శాతం ముందే పట్టుకుని ఇక్కడ కట్టాలి, ఆ తర్వాత అక్కడి రిటర్నుల గోల. వాళ్ళకు పంపాల్సింది నీ జీతంలోంచి పంపు, అదే సుఖం.

జీతమా డివిడెండా అంటే నేను జీతం వైపే మొగ్గుతాను. జీతం తీసుకుంటేనే ఆర్ఆర్ఎస్‌పీ పరిమితి పెరుగుతుంది, 18 శాతం చొప్పున. సీపీపీ (కెనడా పెన్షన్ ప్లాన్) కూడా జమవుతుంది. వయసు మీద పడ్డాక నెలనెలా వచ్చే ఆ పెన్షన్ విలువ ఎంతో నాకు తెలుసు.

కంపెనీ ఖాతాను ఇంటి బీరువాలా వాడకు. డౌన్ పేమెంటుకని వాడుకున్న డబ్బును, ఆ కంపెనీ పన్ను సంవత్సరం ముగిశాక ఏడాదిలోపు తిరిగి కట్టకపోతే అదంతా నీ ఆదాయంలో కలిపేస్తారు. లోపల పెట్టుబడులు పెరిగి వాటి మీద ఏడాదికి 50,000 డాలర్లకు మించి రాబడి వస్తే, తక్కువ పన్ను పడే ఆ 5 లక్షల ఫెడరల్ పరిమితి దానికి తగ్గట్టు కోసుకుపోతుంది. షేర్లు అమ్మేటప్పటి ఆ పన్ను మినహాయింపుకు కూడా కంపెనీ ఆస్తుల్లో 90 శాతం ప్రాక్టీసులో వాడుతూ ఉండాలి. ఇవి నీకు ఇప్పుడే కాదు, కానీ అకౌంటెంటును ఎంచుకునేటప్పుడు ఈ మూడు సంగతులూ అడుగు. వెంటనే జవాబు చెప్పలేని మనిషి డెంటిస్టుల లెక్కలు ఎక్కువ చూడలేదన్నమాట.

లాయరు ఆర్టికల్స్ (కంపెనీ స్థాపన పత్రం) డ్రాఫ్ట్ పంపగానే రెండు సంగతులు చూడు: డెంటిస్ట్రీ, దానికి అనుబంధమైన పనులు తప్ప వేరే వ్యాపారం చేయకూడదన్న క్లాజు ఉందా, షేర్లు ఒకే రకంగా కాకుండా వేర్వేరు తరగతులుగా ఉన్నాయా. ఒకే తరగతి పెట్టి తర్వాత మార్చాలంటే మళ్ళీ ఫీజులు, మళ్ళీ కాగితాలు. సంతకం పెట్టేముందు ఆ డ్రాఫ్టు, నీ అసోసియేట్ ఒప్పందం రెండూ నాకు పంపు. అక్కకు నేను ఫోన్ చేస్తాలే, డబ్బు గురించి ఆవిడ కంగారు పడకుండా.

అల్లుడికి, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య
మిస్సిసాగా