గోడ పక్కన పూలమడి: మొక్కలు తెచ్చే ముందే తేల్చుకోవాల్సినవి

ప్రహరీ గోడ పొడవునా 6 మీటర్ల జాగాలో పూలమడి వేద్దామనుకుంటున్నాం, ఏ మొక్కలు తేవాలి అని అడిగారు. మొక్కల సంగతి తర్వాత, ముందు వెడల్పు తేల్చండి. అడుగున్నర మడిలో మూడు వరుసలు ఇరికిస్తే నాలుగు నెలలకు ఒకదాని మీద ఒకటి పడతాయి. 1.5 మీటర్లు ఉంటే మేలు, 1.2కి తగ్గించకండి. దానికి, గోడకు మధ్య ఇంకో 45 సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి. గోడ వారన వాన సరిగా పడదు. పైగా వెనక మొక్కల్ని కత్తిరించడానికి నిలబడే చోటు కావాలి.

ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి నీడ ఎక్కడుందో ముగ్గుపిండితో గీసి చూడండి. బంతి, జినియా, నాచుపువ్వులకు కనీసం 6 గంటల ఎండ కావాలి. సగం నీడ పడే చోట కనకాంబరం పెట్టుకోవచ్చు.

అసలు పనంతా మట్టిలోనే ఉంది. 30 సెంటీమీటర్ల గుంట తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే వేళ్లు కుళ్లుతాయి, మడిని 15 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. పారతో 25 సెంటీమీటర్ల లోతు తవ్వండి. తుంగ, గరిక ఉంటే మాత్రం యంత్రంతో దున్నించకండి. ముక్కలైన ప్రతి గరిక వేరూ కొత్త మొక్కవుతుంది, తుంగ గడ్డలూ మడంతా చెదిరిపోతాయి. చేత్తో ఏరాల్సిందే. బాగా మాగిన ఎరువు 5 సెంటీమీటర్ల మందాన పరచి కలపండి. 9 చదరపు మీటర్లకు సుమారు 450 లీటర్లు పడుతుంది. పచ్చి పేడ వేస్తే లేత వేళ్లు మాడతాయి. తర్వాత నీళ్లు పెట్టి రెండు వారాలు ఆగండి. మొలిచిన కలుపు పీకేశాకే నాటండి. ఈ రెండు వారాలు ఆగలేకపోతే ఏడాదంతా కలుపు తీస్తూనే ఉంటారు.

ఇప్పుడు కాగితం మీద గీయండి. మొక్క ఇప్పుడెంత ఉందో కాదు, పెరిగాక ఎంత అవుతుందో దాన్నిబట్టి ఎడం పెట్టాలి. వెనక మందారం మీటరు ఎడంలో, మధ్యలో మెట్టతామర 45 సెంటీమీటర్లకు, దాని ముందు జినియా 30కి, అంచున నాచుపువ్వు 20కి. ఒక్కో రకం అయిదో ఏడో కలిపి గుంపుగా, జిగ్‌జాగ్‌గా పెట్టండి. ఒక్కొక్కటి చొప్పున పది రకాలు పెడితే ఏదీ కంటికి ఆనదు. మొదట్లో బోసిగా కనిపించినా దగ్గరగా నాటకండి, గాలాడకపోతే జినియాకు బూడిద తెగులు వస్తుంది.

సాయంత్రం పూట నాటండి. కుండీని ముందే తడపండి, చుట్టుకుపోయిన వేళ్లను వదులు చేయండి, కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతు పెట్టండి. ఎండాకులు 5 సెంటీమీటర్ల మందం కప్పండి, కాండానికి తగలనివ్వకండి. ఆకులు దట్టంగా పెరిగి పూలు రాకపోతే నత్రజని ఎక్కువైందేమో చూడండి, యూరియా ఆపేయండి. బంతి జానెడు ఎత్తుకు వచ్చాక కొన తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. మొదటి పూలు వారం పది రోజులు ఆలస్యమైనా, ఎన్నో ఎక్కువ పూస్తాయి.