యార్డుల లెక్క చూసి రన్నింగ్ గేమ్‌ని నమ్మవచ్చా?

"మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ మ్యాచ్‌కి సగటున 200 యార్డులు రన్ చేస్తోంది. అయినా గట్టి టీమ్ తగిలితే చతికిలపడుతోంది. రన్నింగ్ గేమ్ నిజంగా బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?" అని ఒకరు అడిగారు.

నేను ఆన్ ఆర్బర్‌లో ఎం.ఎస్. చేసి, అక్కడే ఉద్యోగంలో చేరి, మిషిగన్ మ్యాచ్‌ల పిచ్చి పట్టించుకున్నవాణ్ణి. కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఆ టీమ్‌వే వస్తాయి. మా బద్ధ ప్రత్యర్థి ఒహాయో స్టేట్‌లో చదివే తెలుగువాళ్లు ఇక్కడితో ఆపేసినా ఏమీ అనుకోను.

ముందు ఆ 200 సంగతి. బంతిని పట్టుకుని పరుగెత్తితే రన్, విసిరితే పాస్. కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపిస్తూ పాస్‌లు విసిరేవాడు) సాక్ అయి, అంటే విసిరేలోపే వెనకాల దొరికిపోయి పోగొట్టిన యార్డులను రన్నింగ్ ఖాతాలోంచే కోస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాసింగ్ ఖాతాలోంచి తీస్తారు. అంటే మీ లైన్ (ముందు వరసలో నిలబడి అవతలివాళ్లను అడ్డుకునేవాళ్లు) క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడలేకపోతే, నష్టం రన్నింగ్ లెక్కల్లో కనిపిస్తుంది. అందుకని సాక్‌లు పక్కన పెట్టి మళ్లీ లెక్క వేసుకోండి. ఒక్కోసారి టీమ్ మనం అనుకున్నదాని కంటే మెరుగ్గానే ఉంటుంది.

సగటుతో ఇంకో చిక్కు ఉంది. 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో జరిగిన కాలేజీ జాతీయ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో మిషిగన్ 34-13తో వాషింగ్టన్‌ని ఓడించింది. 38 రన్‌లు, 303 యార్డులు, అంటే రన్‌కి దాదాపు 8. అయితే అందులో మూడు రన్‌లే 146 యార్డులు: డోనవన్ ఎడ్వర్డ్స్‌వి 41, 46, బ్లేక్ కోరమ్‌ది 59. అవి తీసేస్తే మిగతా 35 రన్‌లకు సగటు నాలుగున్నర. అదీ మంచిదే, కానీ 8కీ దానికీ పోలికే లేదు. మొదటి క్వార్టర్‌లో దడదడలాడించాక, మధ్యలో చాలాసేపు ఆట బిగుసుకుపోయింది. మూడో క్వార్టర్ అయ్యేసరికి స్కోరు 20-13. మాకు టెన్షన్ తగ్గింది చివరి క్వార్టర్‌లో కోరమ్ మళ్లీ రెండు టచ్‌డౌన్‌లు కొట్టాకే.

అందుకే నేను చూసేది ఎన్ని రన్‌లు పని చేశాయన్నది. నాలుగు అవకాశాల్లో (ఒక్కోదాన్ని డౌన్ అంటారు) 10 యార్డులు దాటాలి కదా. ఫస్ట్ డౌన్‌లో కావలసిన దాంట్లో సగం, రెండో దాంట్లో 70 శాతం, మూడు, నాలుగు డౌన్‌లలో మొత్తం వస్తే ఆ రన్ సక్సెస్. విశ్లేషకులు ఎక్కువగా వాడే కొలత ఇదే. మూడో డౌన్‌లో ఒక యార్డు కావాల్సినప్పుడు రెండు యార్డులు తెచ్చిన రన్ సగటుని పాడు చేస్తుంది, మ్యాచ్‌ని నిలబెడుతుంది. కోరమ్‌నే చూడండి. 2022లో అతని సగటు 5.9 యార్డులు, 2023లో 4.8. సగటు చూస్తే దిగజారాడనుకోవాలి. కానీ ఆ రెండో ఏడాదే 27 రన్నింగ్ టచ్‌డౌన్‌లు చేశాడు, టీమ్ చాంపియన్ అయింది.

ఇక అసలు పరీక్ష. రన్ వస్తుందని అవతలివాళ్లకు ముందే తెలిసినప్పుడు ఏం జరుగుతోంది? బంతి స్నాప్ అయ్యే ముందు, అంటే వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే ముందు, వీడియో ఆపి, బంతి ఉన్న గీత దగ్గర గుమిగూడిన డిఫెండర్లను లెక్కపెట్టండి. ఆరుగురుంటే అక్కడ ఐదు యార్డులు రావడం పెద్ద గొప్ప కాదు. ఎనిమిది మంది ఉన్నా నాలుగు వస్తే అది రన్నింగ్ గేమ్. ఫీల్డర్లు ముప్పై గజాల లోపల ఉన్నప్పుడు కొట్టిన ఫోర్‌కీ, బౌండరీ మీద ఐదుగురు కాపలా ఉన్నప్పుడు కొట్టిన ఫోర్‌కీ ఉన్న తేడానే ఇదీ.

2023 నవంబర్ 11న పెన్ స్టేట్ మీద మిషిగన్ చేసింది అదే. పైగా వాళ్ల స్టేడియంలో. హెడ్ కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉన్నాడు, షెరోన్ మూర్ నడిపించాడు. సెకండాఫ్‌లో లెక్కలోకి వచ్చిన ఒక్క పాస్ కూడా లేదు. వేసిన ఒక్కటీ పెనాల్టీతో రద్దయింది. వరసగా 32 రన్‌లు! పక్కవాళ్లకు బోర్ కొట్టింది, నాకు మాత్రం పండగ. పెన్ స్టేట్ ఎడ్జ్ రషర్లు (డిఫెన్స్ వరస చివర్ల నుంచి దూసుకొచ్చేవాళ్లు) క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడానికి పెట్టింది పేరు. వాళ్లకు ఆ అవకాశమే ఇవ్వలేదు. 227 యార్డులు, 24-15తో గెలుపు.

మీ టీమ్ చూసేటప్పుడు బంతి పట్టుకున్నవాణ్ణి వదిలేసి గార్డుల మీద (బంతిని స్నాప్ చేసే సెంటర్‌కి రెండు పక్కలా ఉండేవాళ్లు) కన్నెయ్యండి. గార్డ్ తన చోటు వదిలి అడ్డంగా పరుగెత్తి ముందుకు దారి తీస్తుంటే అది పవర్ లేదా కౌంటర్. లైన్ అంతా ఒకే వైపు కదిలితే జోన్. ఏ టీమ్‌కైనా ఈ రెండింట్లో ఒకటి సొంతంగా అబ్బి ఉండాలి. అన్నీ కొంచెం కొంచెం చేసే టీమ్ బలహీనమైనవాళ్ల మీద 300 కొట్టి, గట్టివాళ్ల దగ్గర 80కి ఆగిపోతుంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నాకు అదే అనుమానం.

ఒక్క స్టార్ మీదే ఆధారపడితే ఏమవుతుందో బాయిసీ స్టేట్ చూపించింది. 2024లో ఆష్టన్ జెంటీ 2,601 యార్డులు పరుగెత్తాడు, బ్యారీ శాండర్స్ 1988 సీజన్ రికార్డుకి 27 తక్కువ. ఫియెస్టా బౌల్‌లో పెన్ స్టేట్ అతన్ని 30 రన్‌లలో 104 యార్డులకే కట్టడి చేసి 31-14తో గెలిచింది.

వ్యూహం విషయానికొస్తే, కోచ్‌ని తిట్టే ముందు ఒకటి గమనించండి: క్వార్టర్‌బ్యాక్ సెంటర్ వెనకాలే నిలబడితే ప్రతిసారీ రన్నేనా, షాట్‌గన్‌లో వెనక్కి నిలబడితే ప్రతిసారీ పాసేనా? స్టాండ్స్‌లో మీకే తెలిసిపోతుంటే అవతలి కోచ్‌కి తెలియకుండా ఉంటుందా? ఓడిన మ్యాచ్‌లలో ఫస్ట్ డౌన్ ఆటలు మాత్రం రాసుకుని ఇక్కడ పెట్టండి, టీమ్ పేరు కూడా చెప్పండి. వీలు చూసుకుని నేనూ చూస్తాను.