లాప్‌టాప్ విప్పే ముందు బాబాయి మాట ఒకటి

అమ్మలూ,

నీ లాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయి దానంతటదే మళ్లీ ఆన్ అవుతోందట. స్క్రూడ్రైవర్ల సెట్ తెప్పించుకుని హాస్టల్లోనే విప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ట్యూబ్‌లైట్ స్టార్టర్ మార్చాలన్నా మీ నాన్న నన్నే పిలుస్తాడు. ఆయన కూతురు మదర్‌బోర్డు దాకా వెళ్తోందంటే గర్వంగానే ఉంది. టెన్షన్‌గానూ ఉంది.

స్క్రూ ముట్టుకోకముందే నీ ప్రాజెక్టు, ఫోటోలు బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించు. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టు. బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కి వేసే తాళం, ఆన్‌లో ఉంటే దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. ‘రీసెట్ కొట్టు, పోతుంది’ అని ఏ ఫ్రెండ్ చెప్పినా వినకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మీ ఇంట్లో పాత లాప్‌టాప్ సంగతి నీకు తెలియదు. అప్పుడు చిన్నపిల్లవి. అదీ ఇలాగే రీస్టార్ట్ అయ్యేది. నేను ఊళ్లో లేనని మీ నాన్న గవర్నర్‌పేటలో ఒక షాపులో ఇచ్చాడు. వాళ్లు ఏం చూశారో ఏమో, విండోస్ పాడైందన్నారు. ఫార్మాట్ కొట్టి, కొత్తది ఎక్కించి, డబ్బు తీసుకుని పంపేశారు. లోపల ఏమైనా కావాలా అని వాళ్లు అడగలేదు, కావాలని మీ నాన్న చెప్పలేదు. దుర్గమ్మ కొండ ఎక్కలేక మీ నాయనమ్మ మధ్య మెట్ల మీదే చతికిలబడి నవ్విన ఫోటోలు, నీ అన్నప్రాసన వీడియో, అన్నీ అందులోనే ఉన్నాయి. పోనీ జబ్బయినా కుదిరిందా అంటే, ఆ రాత్రే మళ్లీ రీస్టార్ట్ అయింది! నేను ఊరి నుంచి వచ్చి వెనక మూత తీసి, ర్యామ్ బయటికి లాగి, కాంటాక్టులు తుడిచి, క్లిక్కుమనేదాకా నొక్కి పెట్టాను. అంతే, తర్వాత ఏళ్ల తరబడి నడిచింది. ఫోటోలు మాత్రం రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఏవో కొన్ని, అవీ సగం సగం వచ్చాయి. పైన కొత్త విండోస్ రాసేశాక ఏం మిగులుతుంది? మీ నాన్న ఆ షాపువాణ్ణి ఒక్క మాటా అనలేదు. నేను మాత్రం ఇప్పటికీ ఆ వీధిలో పోతూ తిట్టుకుంటాను.

సరే, నీ సంగతి. ఎప్పుడెప్పుడు ఆగుతోందో రాసిపెట్టు. పెద్ద సాఫ్ట్‌వేర్ నడిపి, ఫ్యాన్ హోరెత్తాక ఆగుతుంటే వేడి. మన ఎండల్లో, అదీ పరుపు మీద పెట్టుకుని వాడితే గాలి ఎక్కడాడుతుంది? లోపల వంద డిగ్రీల దగ్గరికి వెళ్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తర్వాత మూత తీసి దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకో, గిర్రున తిరగనివ్వకు. ఛార్జర్ పిన్ కదిలిస్తే ఆగుతోందేమో అదీ చూడు.

ఎర్రర్ చూపించే నీలం తెర, కొత్త విండోస్‌లో అయితే నల్ల తెర, కనబడీ కనబడకుండా మాయమైతే విండోస్ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్కు తీసెయ్. అప్పుడు ఎర్రర్ పేరు చదవడానికి వీలుంటుంది. ఫోటో తీసి నాకు పంపు. విండోస్ రాసుకునే చిట్టా, అదే ఈవెంట్ వ్యూయర్‌లో, కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే కరెంటు లోపమని కంగారుపడకు. సరిగా షట్‌డౌన్ కాలేదని చెప్పడమే దాని పని, ఎందుకో చెప్పదు. ర్యామ్‌ని పరీక్షించే మెమరీ డయాగ్నస్టిక్ కూడా నడుపు.

సేఫ్ మోడ్‌లో, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరిచినప్పుడు, ఆగకుండా నడిస్తే డ్రైవర్‌నో అప్‌డేట్‌నో అనుమానించు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయి. వాటికీ ఫార్మాట్ అక్కర్లేకపోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచాయి.

ఇవన్నీ అయ్యాకే స్క్రూడ్రైవర్. ఛార్జర్ పీకి, పూర్తిగా షట్‌డౌన్ చెయ్. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. స్క్రూలు కలిపెయ్యకు, పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకే ముప్పు.

అసలు ఇప్పుడే ఒకసారి చూడు, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బిందా? ఉబ్బి ఉంటే అది బ్యాటరీ పని. విప్పొద్దు, నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, మంట లేస్తుంది. ఆఫ్ చేసి, మంచానికి దూరంగా పెట్టి నాకు ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా సరే, నేనే గుంటూరు వస్తాను. మీ అమ్మకు మాత్రం ముందే చెప్పకు, హాస్టల్ ఖాళీ చేయిస్తుంది.

మీ బాబాయి,
విజయవాడ