వీడియో మీటింగ్‌లో చూపంతా నా ముఖం మీదే... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 34. రోజూ వీడియో మీటింగులు ఉంటాయి. అవతలివాళ్లు మాట్లాడుతుంటే నా కళ్లు మాత్రం తెర మూలనున్న నా ముఖం మీదకే పోతున్నాయి. జుట్టు సర్దుకోవడం, ముక్కు పెద్దగా ఉందేమోనని చూసుకోవడం... చెప్పింది బుర్రకెక్కడం లేదు. ఏకాగ్రతకు మందులు వాడాలా?

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి మందులు అక్కర్లేదు. గ్రూప్ ఫొటో చేతికిస్తే ఎవరైనా ముందు వెతుక్కునేది తమనే కదా! టాంగ్, నకయామా అనే పరిశోధకులు 1999లో దీన్నే పరీక్షించారు. చాలా ముఖాల మధ్య తమ ముఖాన్ని, ఒక కొత్త ముఖాన్ని వెతకమంటే అందరూ తమదే త్వరగా పట్టేశారు. ఆ కొత్త ముఖాన్ని వందలసార్లు చూపించినా తేడా పోలేదు.

చూపు అటు పోవడం పెద్ద సమస్యేమీ కాదు, అక్కడే ఉండిపోవడంతోనే చిక్కు. పైగా అది కదిలే బొమ్మ. మీరు జుట్టు సర్దుకోగానే అదీ కదులుతుంది, కన్ను మళ్లీ అటే తిరుగుతుంది. మన కంటికి స్పష్టంగా కనబడేది సరిగ్గా చూపు నిలిపిన ఆ కాస్త చోటే. మూలకు చూస్తున్నంతసేపూ మాట్లాడేవారి పెదవులు, కళ్లు మసకగానే అందుతాయి. మాట అర్థం కావడానికి అవీ కావాలి.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మన ముఖం మనకు కనబడదు. ఇక్కడా అలాగే చేయండి. చాలా యాప్‌లలో మీ వీడియో మీకు మాత్రమే కనబడకుండా చేసే 'హైడ్ సెల్ఫ్ వ్యూ' సెట్టింగ్ ఉంటుంది. మొదట్లో ఒకసారి వెలుతురు, కెమెరా చూసుకుని దాన్ని నొక్కేయండి. అది లేకపోతే ఆ మూలన చిన్న కాగితం ముక్క అంటించండి, నవ్వొచ్చినా పనిచేస్తుంది. ఇక ముక్కు సంగతంటారా, కెమెరా మరీ దగ్గరగా ఉంటే ఎవరి ముక్కైనా పెద్దగానే కనబడుతుంది. ల్యాప్‌టాప్ కాస్త వెనక్కి జరపండి.

తెర ముందు లేనప్పుడు కూడా ముక్కు గురించిన టెన్షన్ రోజులో గంటకు పైగా తినేస్తున్నా, పదేపదే అద్దం చూసుకుంటున్నా, దానివల్ల నలుగురిలోకి వెళ్లడం మానేస్తున్నా బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (రూపంలో లేని లోపాన్ని ఉన్నట్టు, చిన్నదాన్ని పెద్దదిగా అనుకుని మథనపడే మానసిక సమస్య) ఉందేమో చూడాలి. అప్పుడు కాస్మెటిక్ సర్జన్ దగ్గరికి కాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), అవసరమైతే మందులు బాగానే పనిచేస్తాయి. మీటింగుల్లోనే కాకుండా చదివేటప్పుడు, ఎదురుగా మాట్లాడేటప్పుడూ మనసు నిలవకపోతుంటే మాత్రం ముందు నిద్ర సరిపోతోందో లేదో చూసుకుని, డాక్టర్‌ను కలవండి.