ఇల్లు నిండిన తరువాత కూడా పాత పుస్తకాలు ఎందుకు కొంటాను, ఎలా కొంటాను

బీరువాలు నిండిపోయి, అటక మీదికీ మంచాల కిందికీ పుస్తకాలు చేరిన తరువాత కూడా పాత పుస్తకాల కోసం తిరగడంలో ఆనందమేమిటో, అందుకొక పద్ధతి ఉంటుందో లేదో చెప్పమని మీరు అడిగారు. మా ఇంటి పరిస్థితీ సరిగ్గా ఇదే కనుక, అనుభవంలో తేలిన మాటను ముందే చెబుతాను. పాత పుస్తకం దొరికినప్పటి ఆనందం ఖాళీ బీరువా ఉన్నవారికంటే నిండిన బీరువా ఉన్నవారికే ఎక్కువ. ఇంట్లో ఏముందో, ఏది లేదో, ఉన్నదానిలో ఏ భాగం లోపించిందో తెలిసినవారి కంటికే ఆ కుప్పలోంచి ఒక పుస్తకం విడిగా కనిపిస్తుంది. మిగిలినవారికి అది కుప్పలో ఒకటి మాత్రమే.

హైదరాబాదులో ఉండేవారికి ఆదివారం అబిడ్స్ తెలిసినదే. దుకాణాలు మూసి ఉండే ఆ రోజున వాటి ముందరి కాలిబాటల మీద పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లీషు నవలల నడుమ తెలుగు పుస్తకాలు కొద్దిగానే ఉంటాయి. వాటిలోనూ పాతవి చాలామటుకు ఎవరో మళ్ళీ బైండు చేయించినవి కావడంతో వెన్ను మీద పేరు ఉండదు. చేతిలోకి తీసుకొని ముఖపత్రం తెరిస్తే తప్ప అదేమిటో తెలియదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలలో తెలుగు పుస్తకాలు ఎక్కువ, అమ్మేవారికి పుస్తకాల విలువ కూడా బాగా తెలుసు, కనుక అక్కడ ధర కొంచెం గట్టిగానే ఉంటుంది. హైదరాబాదులోనే కోఠీ వైపు వెళితే ప్రధానంగా కాలేజీ పుస్తకాలే.

నిండిన బీరువా కంటికి ఏం నేర్పుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొత్తం ఎనిమిది సంపుటాలు. మొదటి సంపుటం 1936లో వెలువడింది. మిగిలినవన్నీ రావడానికి దశాబ్దాలు పట్టింది. అంత కాలం పాటు వచ్చిన గ్రంథాన్ని ఒకే ఇంటివారు పూర్తిగా సమకూర్చుకోవడం అరుదు కాబట్టి బజారులో సాధారణంగా విడి సంపుటాలే చేతులు మారుతుంటాయి. ఏ సంపుటమూ లేనివారికి ఒక విడి సంపుటం కనిపిస్తే అది అక్కరకు రాని బరువు. ఏడు సంపుటాలు ఇంట్లో ఉండి ఎనిమిదోదాని కోసం ఏళ్ళ తరబడి చూస్తున్నవారికి అదే సంపుటం, అట్ట ఊడిపోయి ఉన్నా సరే, చేతులు వణికించేంత సంతోషాన్ని ఇస్తుంది. నాకు ఆ సంతోషం తెలుసు. బేరం ఆడటం కూడా మరిచిపోయేంత సంతోషం అది.

ఇక, కొత్త పుస్తకాల దుకాణంలో ఏనాటికీ దొరకనివి ఉంటాయి. వాటిలో నాకు అన్నిటికంటే ప్రీతిపాత్రమైనవి వారపత్రికల సీరియల్ బైండులు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వంటి వారపత్రికలలో వచ్చే నవలను వారం వారం చింపి, వరుసగా పెట్టి, చివరి భాగం రాగానే బైండరుకు ఇచ్చి కుట్టించుకోవడం ఒకనాడు మన ఇళ్ళలో ఎంతో శ్రద్ధగా సాగిన పని. ఆ బైండులో నవల ఒక్కటే ఉండదు. ఆనాటి చిత్రకారులు ప్రతి భాగానికీ వేసిన బొమ్మలు ఉంటాయి. తరువాత పుస్తకంగా వచ్చిన ముద్రణలలో ఆ బొమ్మలు చాలావరకు కనిపించవు. పుట వెనుక సగం తెగిన వంటల శీర్షిక, తలనూనె ప్రకటన, ముందు వారం కథపై ఎవరో పాఠకుడు రాసిన ఉత్తరం ఉంటాయి. నవల ఏ వాతావరణంలో చదవబడిందో ఆ వాతావరణమంతా దానితోపాటే బైండు అయి వస్తుంది. ఒక భాగం దొరకని చోట ఎవరో తెల్లకాగితాల మీద ఆ భాగాన్ని చేతితో రాసి మధ్యలో కుట్టించిన బైండు నా దగ్గర ఒకటి ఉంది. అంత ఓపికతో చదివిన మనిషి పుస్తకం బజారున పడి ఉంటే తెచ్చుకోకుండా నేను రాలేను.

సోవియట్ పుస్తకాల సంగతీ ఇలాంటిదే. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోకి అనువదింపజేసి ప్రచురించిన పుస్తకాలు విశాలాంధ్ర పుస్తక దుకాణాలలో అతి చవకగా దొరికేవి. గట్టి అట్టలు, మంచి కుట్టు, పిల్లల పుస్తకాలైతే రంగురంగుల బొమ్మలు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఆ సరఫరా నిలిచిపోయింది. కొన్నింటిని తరువాత మనవాళ్ళు మళ్ళీ అచ్చువేశారు గానీ, ఆ కాగితం, ఆ బొమ్మల రంగు పాత ప్రతిలోనే చూడాలి. వాటి చివరి పుటలో అనువాదం గురించీ, పుస్తకం రూపం గురించీ మీ అభిప్రాయం రాయండని పాఠకులను కోరుతూ మాస్కో జూబొవ్‌స్కీ బుల్వార్ చిరునామా ఉంటుంది. మన చిన్న ఊళ్ళలోని పాఠకుడి అభిప్రాయాన్ని అంత దూరం నుంచి అడిగిన ఆ పుట నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

వెనుకటి పాఠకుల గుర్తుల విషయంలో చాలామందికి విముఖత ఉంటుంది. గీతలు గీసిన పుస్తకం వద్దంటారు. సిరా గీతలతో పుట మొత్తం నింపిన ప్రతిని నేనూ తీసుకోను. కానీ చదువుకున్నవాడి పెన్సిలు వేరు. మద్రాసు వావిళ్ళవారి పాత కావ్యప్రతి ఒకటి నాకు దొరికింది. వావిళ్ళ సంస్థ 1854 నాటిది. తెలుగు, సంస్కృత గ్రంథాలను టీకాతాత్పర్యాలతో శుద్ధంగా ముద్రించడంలో వారిది గొప్ప పేరు. ఆ ప్రతిని వాడిన విద్యార్థి ఎవరో గానీ మొదటి ఆశ్వాసంలోని పద్యాలన్నిటికీ పైన సన్నగా గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతి ఉన్నచోట చిన్న చుక్క పెట్టాడు. మొదట్లో ప్రతి అక్షరం మీదా గుర్తు ఉంటుంది. పోనుపోను చంపకమాలకూ ఉత్పలమాలకూ గుర్తులు ఆగిపోయి, సీసాలకు మాత్రమే మిగులుతాయి. అంటే వృత్తాల నడక అతనికి చెవికి పట్టుబడింది, సీసం ఇంకా పట్టుబడలేదు. ఒక మనిషి ఛందస్సు నేర్చుకుంటున్న క్రమమంతా పుట వెంట పుటగా అందులో కనిపిస్తుంది. నేను యతి స్థానాలను సరిగా పట్టుకోవడం ఆ ప్రతి వల్లే అలవాటు చేసుకున్నాను. అదే కావ్యం సరికొత్త ముద్రణ ఇస్తాము, ఇది ఇచ్చేయండి అంటే ఇవ్వను.

పాత తెలుగు పుస్తకాలలో ముద్రణ సంవత్సరం లేనివీ, ఖర, నందన అంటూ తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉన్నవీ చాలా తగులుతాయి. అరవై ఏళ్ళకొకసారి తిరిగి వచ్చే పేరు కనుక దానితో మాత్రమే కాలం తేలదు. ఆ కాలాన్ని తేల్చడం కూడా ఈ ఆనందంలో ఒక భాగమే. నేను ముందు వెల చూస్తాను. రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు) మూడు అంకెలుగా, 2-8-0 అన్నట్టు వేసి ఉంటే అది సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందరిది. దశాంశ నాణేలు వచ్చింది ఆ నెలలోనే. నయాపైసలని ఉంటే 1957కూ 1964కూ నడిమిది కావచ్చు. తరువాత ప్రచురణకర్త చిరునామా చూస్తాను. పిన్‌కోడ్ విధానం 1972 ఆగస్టు 15న మొదలైంది. విజయవాడ-2 అని ఉంటే దానికి ముందరిది కావడానికి అవకాశం ఎక్కువ, 520002 అని ఉంటే తప్పకుండా తరువాతిది. బెజవాడ అనీ, చెన్నపురి అనీ ఉంటే ఇంకా వెనక్కు వెళ్ళవచ్చు. ఒక పుస్తకం లోపలి వెలకూ, అట్ట మీది చిరునామాకూ పొంతన కుదరకపోతే లోపలి ఫారాలు (కలిపి అచ్చువేసి, మడిచి కుట్టే పుటల కట్టలు) పాతవి, అట్ట తరువాత మార్చి అతికించినది అని అనుకోవచ్చు. అమ్ముడుపోని ప్రతులను అలా కొత్త అట్టతో మళ్ళీ అమ్మకానికి పెట్టడం ఉండేది.

కొనే ముందు పుటల లెక్క చూడటం కూడా ఇలాంటి శ్రద్ధతోనే చేయాలి. పదహారు పుటల ఫారాలుగా అచ్చయిన పుస్తకాలలో ప్రతి ఫారం మొదటి పుట అడుగున చిన్న అంకె ఉంటుంది. ఒకటి, పదిహేడు, ముప్పైమూడు పుటల అడుగున ఆ అంకెలు వరుసగా ఉన్నాయో లేదో చూస్తే ఫారం ఎగిరిపోయిందా, తారుమారుగా కుట్టారా అన్నది నిమిషంలో తెలుస్తుంది. పుట మూలను కొద్దిగా మడిచి చూడండి. విరిగి చేతిలోకి వచ్చేస్తే ఆ కాగితం ఎక్కువ కాలం నిలవదు. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయిన పాకెట్ నవలలు ఇలా త్వరగా పెళుసుబారతాయి. గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకమైతే, జాబితా నుంచి తొలగించినట్టు గుర్తు ఉందో లేదో చూస్తాను. ఆ గుర్తు లేకపోతే ఎంత మంచి పుస్తకమైనా ఇంట్లో పెట్టుకోవడానికి నాకు మనసు ఒప్పదు. అద్దె పుస్తకాల షాపుల ముద్రకు ఆ పట్టింపు అక్కరలేదు. అవి మూతపడి సరుకంతా అమ్మేసుకున్నవే ఎక్కువ.

ఇవన్నీ ఇంటర్నెట్‌లో స్కాన్లుగా దొరుకుతున్నాయి కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే. 1924 నుంచి 1991 వరకు నడిచిన భారతి మాసపత్రికలో ఏదైనా వ్యాసం చూడాలంటే నేనూ ముందు స్కానే తెరుస్తాను; వాటిని అందుబాటులోకి తెచ్చినవారు తెలుగుకు చేసిన మేలు చాలా పెద్దది. అందువల్లనే చదవడానికి స్కాను చాలే పుస్తకాన్ని ఇప్పుడు కొనడం తగ్గించాను. బైండు గట్టిగా ఉన్నందున లోపలి అంచు అక్షరాలు స్కానులో పడకుండా పోయినవి, మడిచి అతికించిన పటాలు విప్పకుండానే స్కాను చేసినవి, రెండు పుటలు ఒక్కటిగా తిప్పేయడంతో మధ్యలో ఎగిరిపోయినవి, ఇలాంటి వాటికే అసలు ప్రతి వెతుకుతాను. ఇల్లు నిండడం వల్ల వచ్చిన వివేచన ఇది. చోటు ఉన్న రోజుల్లో అయితే అన్నీ తెచ్చేవాడిని.

చోటు గురించి అడిగారు కాబట్టి చెబుతాను. విషయం ప్రకారం సర్దాలన్న పట్టుదల కొంత సడలించి, సైజు ప్రకారం సర్దితే బీరువాలో ఊహించనంత స్థలం మిగులుతుంది. మన పాత పుస్తకాలు ఎక్కువ భాగం చిన్నదైన క్రౌను, కాస్త పెద్దదైన డెమీ సైజులలోనే ఉంటాయి. క్రౌను పుస్తకాలకు అరల ఎత్తు తగ్గించి అదనంగా ఒక అర వేయించాము. లోతైన అరలలో వెనుక వరుస కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేశాము కాబట్టి రెండు వరుసలలోని పుస్తకాలూ కనిపిస్తాయి. బజారు నుంచి వచ్చిన పుస్తకాన్ని వెంటనే బీరువాలో కలపకండి. బైండుకు వాడిన మైదా జిగురు పురుగులకు ఆహారం. పాత బైండర్లు జిగురులో మైలతుత్తం కలిపేది ఇందుకే. పొడిగా ఉన్న పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారానికి పైగా ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగితే పురుగుల భయం చాలావరకు తీరుతుంది. తడి వాసన ఉన్నదాన్ని నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. కలరా ఉండలు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఒకే పుస్తకం రెండు ప్రతులు చేరినప్పుడు, బొమ్మలు గానీ టీక గానీ పాఠకుడి గుర్తులు గానీ ఉన్న ప్రతిని ఉంచుకొని, శుభ్రంగా ఉన్న ప్రతిని చదువుకునే పిల్లలకు ఇచ్చేస్తాను; వారికి కావలసింది శుభ్రమైన ప్రతే. మీరు మాత్రం తరువాతిసారి బయలుదేరే ముందు ఇంట్లో విడిగా మిగిలిన సంపుటాలు, చివరి భాగం లేని సీరియళ్ళు, పుటలు పోయిన పుస్తకాలు ఏవేవి ఉన్నాయో ఫోనులో రాసుకోండి. ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం, లోపించిన పుటల సంఖ్యలు కూడా అందులో ఉంటే, అట్ట లేని ప్రతి కనిపించినా అది మీకు కావలసినదో కాదో అక్కడే తేల్చుకోగలుగుతారు.