ఎఫ్‌డీ చేతిలో ఉండగా కారు ఇంజిన్ కోసం యాప్‌లో అప్పు ఎందుకు?

ప్రశ్న: మాది విజయవాడ. మందుల కంపెనీలో మెడికల్ రెప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. చేతికి 46,000 రూపాయల జీతం వస్తుంది, ఇంటి ఖర్చు 38,000 దాకా ఉంటుంది. నాది 2013 మోడల్ పెట్రోల్ కారు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. డబ్బు మిగులుతుందని రెండేళ్లుగా సర్వీసు చేయించలేదు. గత నెల ఏలూరు వెళుతుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లిపోయింది. సీసాతో నీళ్లు పోసుకుంటూ ఎలాగో ఏలూరు చేరాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే పలుచని పొర) పోయిందని, 38,000 అవుతుందని మెకానిక్ అంటున్నారు. ఒక యాప్ వాళ్లు నెలకు 2 శాతం వడ్డీకి 40,000 ఇస్తామంటున్నారు. 12 నెలల పాటు నెలకు 4,133 కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు 6 శాతం. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే 22,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ 2,000 కడుతున్నాను. నా భార్య పేరిట 90,000 ఎఫ్‌డీ ఉంది గానీ దాన్ని కదపడం ఇష్టం లేదు. ఈ అప్పు తీసుకోవచ్చా? బీమా వస్తుందా? లేక కారు అమ్మేసి లోన్ మీద కొత్తది కొనాలా?

జవాబు: ఆ అప్పు తీసుకోవద్దు. యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ అన్న బొత్తాం ఇంకా నొక్కకపోతే, దయచేసి ఈ జవాబు చదవడం పూర్తయ్యేదాకా నొక్కకండి.

నెలకు 2 శాతం అని వాళ్లు చెబుతున్నది తగ్గుతున్న అసలు మీద వడ్డీ కాదు. మీరు రాసిన కిస్తీని బట్టి చూస్తే ఏడాది పొడవునా మొత్తం 40,000 మీదే లెక్కవేస్తున్నారు. ఫీజు 2,400, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 432 ముందే కోసుకుంటే మీ చేతికి వచ్చేది 37,168 మాత్రమే, అంటే మెకానిక్ బిల్లుకు కూడా చాలదు. తిరిగి కట్టేది 49,600. ఫీజు కూడా కలిపితే నిజమైన వడ్డీ రేటు ఏడాదికి సుమారు 57 శాతం పడుతుంది. రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చేముందు వార్షిక రేటుతో సహా అన్ని ఖర్చులూ చూపే పత్రం మీకు ఇవ్వాలి. దాన్ని అడిగి చూడండి, ఈ అంకె మీకే కనిపిస్తుంది. 7 శాతం అటూఇటూగా వచ్చే ఎఫ్‌డీని భద్రంగా దాచుకుని 57 శాతానికి అప్పు తేవడం పొదుపు కాదు. ఈ పొరపాటు చేసేవాళ్లు నా దగ్గరికి ఎప్పుడూ వస్తూనే ఉంటారు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

కార్డుతో గ్యారేజీ బిల్లు కట్టే ఆలోచన కూడా వద్దు. పాత బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్త కొనుగోలుకు వడ్డీలేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకు 3.5 శాతం చొప్పున చూసినా మీ 22,000 మీద వడ్డీ, జీఎస్‌టీ కలిసి 900 దాటుతాయి కాబట్టి, మీరు కడుతున్న 2,000లో దాదాపు సగం అసలును తాకడం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట ‘డబ్బు మిగులుతుందని సర్వీసు చేయించలేదు’ అన్నది. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్, ఒక ఫిల్టరు, కూలెంట్ పరీక్ష, మజూరీ అన్నీ కలిపి బయటి గ్యారేజీలో ఏడాదికి ఐదారు వేలలో అయిపోయే పని అది. ఏటా లిఫ్టు మీదికి ఎక్కించి ఉంటే పగిలిన హోస్ పైపో, కారుతున్న వాటర్ పంపో ఎప్పుడో కంటపడేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ముల్లు పైకి వెళ్లాక బండి ఆపి టోయింగ్ బండిని పిలవకుండా ఏలూరు దాకా నడపడంతో, వేడికి సిలిండర్ హెడ్ వంగి గ్యాస్కెట్ పోయి ఉంటుంది. ఆయిల్ మూత తీసి చూడండి. లోపల పాలు కలిపిన కాఫీ రంగులో నురగ కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి బండిని స్టార్ట్ చేయడం కూడా వద్దు.

పాత కారుకు సర్వీసు ఎప్పుడు వస్తుందో, ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. తెలిసిన ఖర్చుకు నెలనెలా పక్కన పెట్టాలి, తెలియని ఖర్చుకు అత్యవసర నిధి ఉండాలి. మీకు ఈ రెండూ లేవు. మీ ఉద్యోగం ఊళ్లు తిరగనిదే సాగదు కాబట్టి, బండి ఆగిన నెల టార్గెట్, దానితోపాటు ఇన్సెంటివ్ కూడా దెబ్బతినవచ్చు. అందుకే మామూలు జీతగాడి కంటే ఈ నిధి మీకే ఎక్కువ అవసరం.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఎఫ్‌డీని రద్దు చేయించండి. బ్యాంకు సాధారణంగా వడ్డీలో ఒక శాతం దాకా కోత పెడుతుంది, అది ఎఫ్‌డీ నడిచిన ఒక్కో ఏడాదికి దాదాపు 900 రూపాయల లోపే ఉంటుంది. అందులోంచి 22,000తో కార్డు బాకీ పూర్తిగా తీర్చేసి, 38,000 మరమ్మతుకు వాడితే, మిగిలిన 30,000తో మీ అత్యవసర నిధి మొదలవుతుంది. మీ ఖర్చుకు అది నెల రోజులకు కూడా చాలదన్నది మరిచిపోకండి. యాప్‌కు కడదామనుకున్న 4,133, కార్డుకు కడుతున్న 2,000 కలిపి నెలకు 6,100కు పైగా మీ చేతిలో ఉంటుంది. దాంట్లో 1,500 కారు పేరిట వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 18,000 అవుతుంది, సర్వీసు పోను మిగిలింది టైర్లకు, బ్యాటరీకి పనికొస్తుంది. మిగతా 4,600 జీతం పడిన మర్నాడే నిధికి వెళ్లాలి. ఏడాది తిరిగేసరికి అది 85,000 దాటుతుంది. మూడు నెలల ఖర్చు 1,14,000 చేరేదాకా ఆపవద్దు, ఆ తర్వాత ఆరు నెలలకు పెంచండి.

మరమ్మతుకు డబ్బిచ్చే ముందు విడివిడిగా అంచనా రాయించుకోండి. హెడ్ పగలకుండా వంగి మాత్రమే ఉంటే ఆటోనగర్‌లో ఫేసింగ్ (వంగిన అడుగును మిషన్ మీద చదును చేయడం) చేయించవచ్చు, బిల్లు తగ్గే అవకాశం ఉంటుంది. మీ ఇంజిన్‌కు చైన్ కాక టైమింగ్ బెల్టు (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చేసే బెల్టు) ఉంటే మాన్యువల్‌లో దాని గడువు చూసి ఇప్పుడే మార్పించండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి, మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

బీమా రాదు, ప్రమాదం లేకుండా యంత్రం చెడితే మామూలు మోటారు పాలసీ వర్తించదు. కార్డు బాకీనే తీరని పరిస్థితిలో కొత్త కారు లోను గురించి ఆలోచించవద్దు. ఈ బండి రిజిస్ట్రేషన్‌కు 2028లో 15 ఏళ్లు నిండుతాయి, అప్పటిదాకా దీన్ని బాగా చూసుకుని నడపండి.

ఎఫ్‌డీ మీ భార్య పేరిట ఉంది. ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఆమెకు చూపించి, ఆమె సరేనన్న తర్వాతే బ్యాంకుకు వెళ్లండి. నెలనెలా వేసే 4,600 కూడా ఆమె ఖాతాలోకే వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి.